ఉక్కపోతయు ఆటో మోడును

మైపాడు, కోడూరు వంటి నెల్లూరు తీరగ్రామములలో రోహిణీకార్తె వేడిమి ఒక విధము, ఈశాన్య ఋతుపవనముల నాటి ఉక్కపోత వేరొక విధము. మొదటిది పడమటి వడగాలి సముద్రపుగాలిని రానీయనప్పుడు చర్మమును ఎండగట్టును, రెండవది ఒంటి చెమటను ఆరనీయదు. ఈ రెంటికిని ఏసీ రిమోటుపైని ‘ఆటో’ అను ఒక్క మీట చాలునని నమ్మి, ఆపైన నోటిమాటతో దానిని నడుపుటకై స్పీకరును కూడ కొని తెచ్చుకొన్న ఇండ్లు ఇప్పుడు అచ్చటచ్చట కానవచ్చుచున్నవి. ఆ నమ్మకము పూర్తిగా తగినది కాదని నా అభిప్రాయము.

ఆటో అను మాటకు అన్నిచోట్ల అర్థమొకటి కాదు. అమెరికాలో డల్లాసులోని మన పిల్లల ఇండ్లలో గోడకు అమర్చిన థర్మోస్టాట్ ఇంటికంతటికి చలివేళ వెచ్చదనమును, ఎండవేళ చల్లదనమును సమకూర్చును. అచ్చట ఆటోకు కింది హద్దొకటి, పై హద్దొకటి యుండును గనుక, ఒక్క అంకె చెప్పి ఊరకున్నచో ఏ హద్దును జరుపవలెనో యంత్రమునకు సందేహము కలుగవచ్చును. ఇల్లు వెచ్చచేసికొను అగత్యము మనకు లేదు. మన ఏసీలో ఆటో చేయు పనియే వేరు. లోనికి పీల్చుకొను గాలి వేడిమిని ఒక చిన్న సెన్సారు కొలిచి చెప్పగా, గది మిక్కిలి వేడిగా నున్నచో కంప్రెసరును గట్టిగా నడుపుటయు, వేడిమి తగ్గినచో తేమను లాగు డ్రై మోడునకో వట్టి ఫ్యానునకో మారుటయు జరుగును. పెక్కు ఏసీలకు తేమను కొలుచు సాధనమే యుండదు. కావున ముసురు పట్టిన కార్తికపు రాత్రి, గది 27 డిగ్రీలే యుండి దిండు గలేబు మెడకు అంటుకొనుచున్నను, అంతయు సవ్యముగనే యున్నదని తలచి ఆటో వట్టి ఫ్యానుతో సరిపుచ్చవచ్చును. చిత్రమేమనగా, ఈ యంత్రము పుట్టినదే తేమను అణచుటకు: 1902లో విల్లిస్ క్యారియర్, బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయమున తేమకు కాగితము సాగి ముడుచుకొని రంగులు చెదరుటను మాన్పుటకే దీనిని రూపొందించెను. తడకు చేరువనున్న శ్రీసిటీలో నేడు డైకిన్, బ్లూస్టార్ సంస్థలు తయారుచేయు ఏసీలును ఆ వంశమునకు చెందినవే.

ఇక నోటిమాట సంగతి. ఏసీలోనే వైఫై యున్నచో, చెప్పిన పని జరిగినదో లేదో అది తిరిగి తెలుపగలదు. పాత ఏసీల కొరకు అమ్ముచున్న చిన్న ఐఆర్ పెట్టె అట్లు కాదు. రిమోటు వలెనే కంటికి కానరాని కిరణమును విసరుటతో దాని పని ముగియును, నడుమ కర్టెను అడ్డమైనను స్పీకరు మాత్రము ‘ఓకే’ అని మర్యాదగా పలుకును. ఏసీ ‘కీ’ మని ఒక్క కూత కూసినదా లేదా యనునదే అచ్చట సాక్ష్యము. కొన్ని ఏసీలలో ఆటో మోడున డిగ్రీలు మార్చుటకే వీలుండదు. ముందు కూల్ అని, పిదప అంకె చెప్పవలెను. ఇట్టి స్పీకర్లలో పలుకు అలెక్సా మన దేశమున ఆంగ్లమునకును హిందీకిని అలవాటుపడినది గనుక, “ఏంది మే, దీనికి తెలుగు రాదా?” అని అత్తగారు కోడలిని అడుగుటలో తప్పేమియు లేదు. ఐనను రిమోటుపైని సన్నని అక్షరములు కానరాని వృద్ధులకు, మంచము దిగలేని రోగులకు ఇది మెచ్చదగిన సౌకర్యమే. రెండు మూడు ముక్కలు నేర్పిన చాలును.

కేంద్రప్రభుత్వపు ఇంధన పొదుపు సంస్థయైన బీఈఈ నిర్ణయము చొప్పున, 2020 జనవరి 1 నుండి తయారగు స్టార్ గుర్తు ఏసీలు 24 డిగ్రీల వద్ద మొదలగును; ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది సుమారు 6 శాతము కరెంటు కలిసివచ్చునని ఆ సంస్థయే చెప్పుచున్నది. వేసవిలో కూల్ మోడున 26 ఉంచి పైన ఫ్యాను తిప్పుడు. ముసురు దినములలో డ్రై అని చెప్పుడు. ఎండయు తేమయు మితముగా నుండు దినములకు ఆటోను విడువుడు. కరెంటు పోయి వచ్చినపుడు వైఫై తేరుకొనువరకు స్పీకరు మాట చెల్లదు గనుక, రిమోటును పెద్దవారి చేతికందుచోటనే ఉంచుడు.