మీకు తెలుసా? సూది వేసే చేతికీ సూది కావాలి!

• మన దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు 2009 మేలో హైదరాబాద్‌లోనే బయటపడింది.

• 2010లో కేంద్రం ముందుగా వైద్య సిబ్బందికి వేసేందుకు 15 లక్షల డోసుల టీకా దిగుమతి చేసుకుంది. దుష్ప్రభావాల భయంతో కొందరు, జబ్బు తగ్గుముఖం పట్టిందన్న ధీమాతో మరికొందరు వేయించుకోలేదు.

• అదే ఏడాది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ 'హెచ్‌ఎన్‌వ్యాక్' టీకా తెచ్చింది.

• ఫ్లూ ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. రక్షణ ఏర్పడటానికి సుమారు 2 వారాలు పడుతుంది.

• యర్రగొండపాలెం చుట్టుపక్కల నల్లమల గూడేలకు వెళ్లే ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు టీకా వేయించుకుంటే, అక్కడి బాలింతలకూ పసిబిడ్డలకూ అదే తొలి రక్ష.