కంపవాతమా, మాత్ర తెచ్చిన వణుకా?

భిలాయి ఉక్కు కర్మాగారములో మొదటి బ్లాస్టు ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4వ తేదీన ప్రారంభమైనది. అచట పనికై వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. ఆనాడు యువకులుగా చేరినవారు నేడు మిక్కిలి వృద్ధులు. వారి తరువాత చేరినవారు సైతము పలువురు పదవీ విరమణ చేసినారు. వయసుతోపాటు రక్తపు పోటుకు ఒకటి, కడుపుమంటకు ఒకటి, తలతిరుగుడుకు ఒకటి చొప్పున మాత్రలు పెరుగుచుండును. ఇట్టివారిలో ఎవరికైన చేయి వణకి, అడుగు కురుచయై, ముఖము బిగుసుకొన్నచో ఇంటివారు కంపవాతమని భయపడుదురు. ఆ భయము కొన్ని వేళల నిజము. కొన్ని వేళల దోషము మందుల పొట్లములోనే ఉండును.

జేమ్స్ పార్కిన్సన్ 1817లో వర్ణించిన కంపవాతమునందు, డోపమిన్ అను పదార్థమును తయారుచేయు మెదడు కణములు క్రమముగా నశించును. మందు వలని వణుకులో ఆ కణములు బ్రతికియే ఉండును; డోపమిన్ పనిచేయు చోటును మందు ఆక్రమించును. తాళము చెడకున్నను రంధ్రములో మైనము కూరినట్లన్నమాట. మానసిక వ్యాధులకిచ్చు హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, వాంతులకు మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకు సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ ఇట్టివి. మన దేశములో కడుపుమంట మాత్రలు కొన్నిటిలో లెవోసల్పిరైడ్ కలిసియుండును. అది కేవలము అరుగుదల మాత్రయని తలచి ఏండ్ల తరబడి మ్రింగువారు కలరు.

వైద్యుడు మొదట చేయు పని అనుమానపు మందును ఆపుట లేక మార్చుట. పెక్కుమంది కొన్ని వారములలోనో నెలలలోనో కోలుకొందురు. కొందరికి వణుకు తగ్గదు. లోపల దాగియున్న కంపవాతమును మందు ముందుగా బయటపెట్టి యుండవచ్చును. ఈ చిక్కు విడదీయుటకు గుండె చిత్రము తోడ్పడును.

మెదడు వ్యాధికి గుండెను చూచుట వింతగా తోచవచ్చును. కాని నిజమైన కంపవాతము గుండెకు పోవు నాడులను కూడ క్షీణింపజేయును. ఎం.ఐ.బి.జి. అను పదార్థమునకు రేడియో ధార్మిక అయోడిన్ చేర్చి నరములోనికి ఎక్కింతురు. ఆరోగ్యముగల నాడులు దానిని గ్రహించి నిలుపుకొనును. పావుగంట మొదలు అరగంటలోపు ఒకసారి, మూడు నాలుగు గంటలకు మరల ఒకసారి కెమెరాతో రొమ్మును చిత్రింతురు. కంపవాత రోగిలో గుండె సాధారణముగా మసకబారును; మందు వలని వణుకులో మామూలుగా వెలుగును. జపానులో 2012 నుండి ఈ పరీక్షకు బీమా వర్తించుచున్నది. 2015లో ప్రకటించిన అంతర్జాతీయ నిర్ధారణ సూత్రములలోను దీనికి స్థానము దొరకినది.

అయినను ఇదియొక్కటే తీర్పు చెప్పజాలదు. మధుమేహము, గుండెపోటు, గుండె బలహీనత ఉన్నవారికిని చిత్రము మసకబారవచ్చును. దిగులుకు వాడు కొన్ని మందులు, సర్పగంధి వేరునుండి తీసిన రెసర్పిన్ కూడ అట్లే చేయును. కంపవాతము తొలిదశలో గుండె మామూలుగా కనిపించుటయు కలదు. వాడుకలో ఉన్న అయోడిన్-123 సుమారు 13 గంటలలో సగమై పోవును గనుక నిలువయుంచుట కుదరదు. అణువైద్య విభాగముగల పెద్ద ఆసుపత్రులకే ఈ పరీక్ష పరిమితము.

పొట్లములు చూపుటకు మాత్రము ఏ యంత్రమును అక్కరలేదు. సెక్టారు 9లోని పెద్దాసుపత్రికైనను, వీధి చివరి వైద్యునికడకైనను వెళ్ళునపుడు గత ఏడాదిలో వాడిన మాత్రల అట్టలన్నియు తీసికొనిపోవలెను. మానసిక వ్యాధి మందులను ఎవరికి వారు ఆపరాదు. పాత జబ్బు తిరుగబెట్టును.