డెల్టాల దుర్బలతను లెక్కించు విధము
(గోదావరి యెగువ కర్షకులు తెలిసికొనవలసిన సంగతులు)

గోదావరి మన నస్పూరునకు దక్షిణముగా ప్రవహించి, మంథని, కాళేశ్వరము, భద్రాచలములను దాటి, ధవళేశ్వరము కడ పాయలుగా చీలి, కోనసీమను చుట్టి సముద్రమును గలియుచున్నది. భూమి వేడెక్కుటచే సముద్రము పెరుగుచున్నదనియు, నదీముఖములందలి డెల్టా భూములకు అపాయము మూడినదనియు వార్తలు వచ్చినప్పుడు, అది దిగువవారి సంగతి కదా, మనకేల యని యెగువ కర్షకులు తలచుట సహజమే. ఆ తలంపు సరికాదని చూపుటయే యీ వ్యాసమున కుద్దేశము. డెల్టా యెంత దుర్బలమైనదో లెక్కించు విధానము మన యేటి యొడ్డు గ్రామములకును అక్కరకు వచ్చునదే. మఱియు ఆ లెక్కలో ఒక ముఖ్యమైన పద్దు మన ప్రాంతముననే యున్నది.

డెల్టా యెట్లు నిలుచును?

డెల్టా నది తెచ్చిన మన్నుతో కట్టబడిన నేల. వఱదకాలమున నది కొండలనుండియు, పొలములనుండియు కొట్టుకొని వచ్చిన ఒండ్రును సముద్రపుటంచున దించును. ఇట్లు వేలకొలది సంవత్సరములు పేరుకొనిన ఒండ్రే నేడు కోనసీమలో కొబ్బరి తోటలను, వరిపొలములను మోయుచున్నది.

అయితే ఒండ్రు నేల తన బరువునకు తానే అణగి యేటేట కొంచెము క్రుంగుచుండును. భూగర్భమునుండి నీటిని, ఇంధన వాయువును తోడిన చోట్ల ఈ క్రుంగుట హెచ్చగును. సముద్రపు అలలు అంచును కోయుచునే యుండును. ఈ రెండు నష్టములను పూడ్చునది యేటేట వచ్చు క్రొత్త ఒండ్రు మాత్రమే. ఆదాయము తఱిగి ఖర్చు నిలిచిన సంసార మెట్లు క్షీణించునో, ఒండ్రు తఱిగిన డెల్టాయు నట్లే క్షీణించును. దీనికి తోడు ఇప్పుడు సముద్రమే పెరుగుచున్నది. వివిధ ప్రభుత్వముల ప్రతినిధులతో గూడిన వాతావరణ మార్పుల సంఘము 2021లో ప్రకటించిన నివేదిక ననుసరించి, 1901 మొదలు 2018 వఱకు లోకమందు సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినది. 2006 తరువాత ఆ పెరుగుదల యేటికి 3.7 మిల్లీమీటర్ల వేగము నందినది.

మూడు ప్రశ్నలు

ఒక ప్రదేశము దుర్బలమో కాదో తేల్చుటకు శాస్త్రజ్ఞులు మూడు ప్రశ్నలు వేయుదురు. మొదటిది, అపాయమునకు ఆ చోటు ఎంతవఱకు ఎదురుపడి యున్నది? రెండవది, అపాయము తగిలినచో అచ్చటి నేలయు, పైరును, జనమును ఎంత సులభముగా చెడును? మూడవది, దెబ్బ తిన్న పిదప మరల లేచు శక్తి అచ్చటివారికి ఎంత గలదు? మొదటి రెండును హెచ్చి, మూడవది తక్కువైన చోటనే దుర్బలత మిక్కుటము.

తీరమును లెక్కించునప్పుడు దానిని చిన్న చిన్న ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమునకు అయిదు విషయములలో మార్కులు వేయుదురు. నేల రాతిదా, ఇసుకదా, బురదదా? తీరపు వాలు ఎంత? ఒడ్డు ముందుకు జరుగుచున్నదా, వెనుకకు తగ్గుచున్నదా? ఆటుపోట్ల హెచ్చుతగ్గు లెంత? అలల యెత్తు ఎంత? వీని మార్కులను గలిపి, ఖండములను తక్కువ అపాయము గలవి మొదలు మిక్కిలి హెచ్చు అపాయము గలవాని వఱకు తరగతులుగా ఏర్పఱతురు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన ఆచార్య కె. నాగేశ్వరరావుగారును వారి సహచరులును ఉపగ్రహ చిత్రముల సాయముతో ఈ విధముగా ఆంధ్రప్రదేశ్ తీరమును పరీక్షించి 2008లో ఫలితములను ప్రకటించిరి. 1,030 కిలోమీటర్ల తీరములో నూటికి 43 పాళ్ళు మిక్కిలి హెచ్చు అపాయము గల తరగతిలోను, 35 పాళ్ళు హెచ్చు అపాయము గల తరగతిలోను చేరినవి. రాతి తీరము గల విశాఖపట్టణపు వైపు కంటె, పల్లమైన గోదావరీ కృష్ణా డెల్టాల వైపున అపాయము హెచ్చు. వాలు లేని నేలమీదికి సముద్రము కొంచెము పెరిగినను చాల దూరము వచ్చును. నీరు నేలను ముంచకపోయినను, ఉప్పు భూగర్భ జలములలోనికి ప్రాకి పొలమును చౌడు చేయును. సముద్రపు మట్టము హెచ్చినకొలది మురుగుకాలువలు దిగవు. నీరు దిగని పొలమున సార్వా పంట చెడును. కాకినాడ చెంతనున్న ఉప్పాడలో ఒడ్డు కోసికొనిపోయి ఇండ్లును, బాటయు సముద్రము పాలగుట అందఱు నెఱిగినదే.

ఒండ్రు ఎచ్చట నిలిచినది?

ఆ పరిశోధకులే 2010లో మఱియొక లెక్కను ప్రకటించిరి. గోదావరి 1970-79 సంవత్సరములలో ఏటికి సగటున 15.02 కోట్ల టన్నుల ఒండ్రును దిగువకు తెచ్చుచుండగా, 2000-2006 నాటికి అది 5.72 కోట్ల టన్నులకు తగ్గినది. అనగా అయిదింట రెండు పాళ్ళు కూడ మిగులలేదు. కృష్ణ సంగతి ఇంకను దీనము. 1966-69లో 90 లక్షల టన్నులుగా నున్నది 2000-2005 నాటికి 4 లక్షలకు దిగినది. 2009లో లోకమందలి 33 డెల్టాలను పరిశీలించిన మఱియొక శాస్త్రజ్ఞుల బృందము కృష్ణా డెల్టాను అన్నిటికంటె ప్రమాదకరమైన తరగతిలోను, గోదావరి డెల్టాను అంతకంటె తక్కువ ప్రమాదము గల తరగతిలోను చేర్చినది.

తఱిగిన యా ఒండ్రు ఎచ్చటికి పోయినది? ఆనకట్టల వెనుక నిలిచినది. మనకు సమీపమున దీనికి గొప్ప నిదర్శనము గలదు. పోచంపాడు కడ 1963లో శంకుస్థాపనము జరిగిన శ్రీరామసాగరము మొదట 112 టి.యం.సి.ల నీటిని పట్టునట్లు నిర్మింపబడినది. పూడిక చేత ఆ పరిమాణము నేడు 80 టి.యం.సి.ల ప్రాంతమునకు దిగినది. నాల్గవ వంతుకు మించి మన్ను ఆక్రమించినదన్నమాట. ఆ మన్నే కోనసీమకు కఱవైనది, ఆ మన్నే కరీంనగరము, ఆదిలాబాదు ఆయకట్టుల నీటిని తగ్గించినది. ఒకే మన్ను దిగువవారికి లేక నష్టము, ఎగువవారికి ఉండి నష్టము.

ఇచ్చట ఒక సందేహము పుట్టవచ్చును. మన పొలములు కోసికొనిపోయినచో డెల్టాకు మేలగునేమో, గట్లు కట్టి మన్నును ఆపుట దిగువవారికి కీడేమో యని. అట్లు కాదు. మన పొలము విడిచిన మన్నులో చాల భాగము చెఱువులలోను, జలాశయములలోను నిలిచిపోవును. కావున గట్లు వేసికొని పొలము మన్నును కాపాడుకొనుట జలాశయముల ఆయుస్సును పెంచును. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో చెఱువుల పూడికను తీసి చేలకు తోలుకొనుట ఇట్టి మంచి పనియే. ఇక నదిలోనే వచ్చు ఒండ్రు దిగువకు పోవుటకు మార్గము, వఱద మొదట వచ్చునప్పుడు, మిక్కిలి బురదగా నున్న నీటిని తూముల ద్వారా వీలైనంతవఱకు విడుచుట. నది గర్భమున ఇసుకను మితిమీరి తోడుటను అరికట్టుటయు అవసరమే. దిగువన నిర్మాణములో నున్న పోలవరము పూర్తియైన పిదప ఈ ఒండ్రు లెక్కను మరల చూడవలసియుండును.

తట్టుకొను శక్తి

నేల స్వభావము ఒక్కటే అదృష్టమును నిర్ణయింపదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు మించి జనులు మరణించిరి. 1990 మే నెలలో అదే కృష్ణా డెల్టా వైపున తీవ్రమైన తుఫాను వచ్చినప్పుడు మరణములు సుమారు వేయి. నేల అదే, సముద్రము అదే. మధ్యకాలమున తుఫాను ఆశ్రయ భవనములు లేచినవి, ముందుగా హెచ్చరిక అందినది, లక్షకు మించి జనులను ఎత్తైన చోట్లకు చేర్చిరి. మూడవ ప్రశ్నకు గల విలువ దీనివలన తెలియును.

మన గ్రామముల లెక్క

సముద్రము మనకు రాదు గాని వఱద వచ్చును. గాలి ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కినచో నూటికి సుమారు 7 పాళ్ళు అధికముగా నీటి ఆవిరిని మోయగలదు. అందుచేత కురిసినప్పుడు కుండపోతగా కురియుట హెచ్చగును. 2022 జూలైలో కడెము ప్రాజెక్టు గేట్లపైనుండి నీరు పొర్లినది. గోదావరి నిండుటచే రాళ్ళవాగు ఎదురు తన్ని మంచిర్యాలలోని పల్లపు వీధులు మునిగినవి. ఆ వఱదయే భద్రాచలము కడ 71 అడుగులు దాటి, 1986 నాటి 75.6 అడుగుల తరువాత అంతటిదిగా నిలిచినది.

కావున ప్రతి సహకార సంఘమును పై మూడు ప్రశ్నలనే అనుసరించి ఒక పట్టికను వ్రాసి యుంచుకొనవలెను.

1. 2022 జూలై వఱద ఏ సర్వే నంబరు వఱకు వచ్చినది? ఎన్ని దినములు నిలిచినది? ఏ వాగు ఎదురు తన్నినది? పెద్దలకు జ్ఞాపకమున్న పూర్వపు వఱదల గుర్తులేవి?

2. ఆ పొలములలో ఏ పైరు గలదు? నిలువ నీటికి ప్రత్తి త్వరగా చెడును, వరి కొంత తాళును. మోటారులు, ఎరువుల నిలువలు, పశువుల కొట్టములు పల్లమున నున్నవా? ఆ నేలలను దున్నుచున్నవారు పట్టాదారులా, కౌలుదారులా?

3. మునిగిన పిదప మరల విత్తుటకు విత్తనము సంఘమున నిలువ గలదా? అప్పు వాయిదా మార్చుటకు వీలున్నదా? వఱద వార్త రాత్రివేళ ఎవరు ఎవరికి చెప్పవలెను?

ఒక్కొక్క విషయమునకు 1 మొదలు 5 వఱకు మార్కులు వేసినచో, గ్రామమున ఏ పొలములు మిక్కిలి దుర్బలములో ఒక చూపున తెలియును. ముఖ్యముగా కౌలుదారుల పద్దును విడువరాదు. నష్టపరిహారము పట్టా గలవాని పేర వచ్చినచో, పెట్టుబడి పోయినవానికి మిగులునది అప్పే. ఏ కౌలుదారు ఎంత విత్తెనో వఱదకు ముందే సంఘపు పుస్తకమున కెక్కి యుండినచో, అతని పక్షమున మాటాడుటకు ఆధార ముండును.

నేలను, నదిని మనము మార్చలేము. మూడవ ప్రశ్నకు సమాధానము మాత్రము మన చేతిలోనిదే. విత్తనపు నిలువ, సకాలమున అప్పు, సరియైన పుస్తకము, ఒకరికొకరు చెప్పుకొను వాడుక, ఇవి సహకార సంఘము నిత్యము చేయదగిన పనులే. రాబోవు వానకాలమునకు ముందే మన సంఘముల సభ్యులు కూడి ఈ పట్టికను సిద్ధము చేసికొందురు గాక.