వానాకాలంలో గంబూట్ల ఎంపిక

డోర్నకల్ ప్రాంత సంఘాలకు పోయినప్పుడు, వానాకాలంలో సభ్యులు వట్టి కాళ్లతో పేడనీళ్లలో పని చేయుట మేము చూచుచున్నాము. పశువుల, ఎలుకల మూత్రం కలిసిన నీరు పాదాల పగుళ్లకు తగిలితే లెప్టోస్పైరోసిస్ జ్వరం రావచ్చును. ప్రాణాపాయం కూడ కలదు. పాములు కరచేది కూడ ఎక్కువగా కాళ్లనే. కనుక పిక్కల వరకు వచ్చే గంబూట్లు మేలు.

మేజోళ్లు తొడుక్కొని, సాయంత్రం పూట కొలత చూడండి; పగలంతా నడిచిన పాదం కొంత ఉబ్బుతుంది. అడుగున లోతైన గాట్లు ఉంటే బురదలో జారదు. వంచి చూస్తే పగుళ్లు కనబడరాదు. నీళ్లు నింపి చూస్తే కారేది తెలియును. ఇంటిల్లిపాదికీ ఒకే జత చాలదు. కొట్టం పని చేసే స్త్రీలకు వారి కొలతకే కొనండి.

రోజూ కడిగి నీడలో బోర్లించండి. ఎండకు రబ్బరు పగులును. తొడిగే ముందు దులపండి, తేలు ఉండవచ్చును. జ్వరం వస్తే, పశువుల పని చేస్తామని డాక్టరుకు తప్పక చెప్పండి.