మరో డాక్టరుకు చూపిద్దామా?

“పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇంక గర్భసంచితో పనేముంది? తీయించేసుకుంటే పీడ వదిలిపోతుంది!” ఈ మాట వినని ఇల్లు మా వైపు లేదేమో. పక్కింటావిడ అంటుంది, ఆడపడుచు అంటుంది. ఆ మాట నా దాకా వచ్చినప్పుడు గాని దాని బరువేమిటో నాకు తెలిసిరాలేదు.

మాది అనకాపల్లి జిల్లా నాతవరం. రెండేళ్ళ కిందట ఊడ్పుల రోజుల్లో పొత్తికడుపులో కుడివైపు ఒకటే లాగుడు. నెలసరి కూడా ఆలస్యమైంది. తాండవ కాలవకి నీళ్ళొదిలారు, చేలో మనుషులున్నారు, వాళ్ళకి వండి పంపాలి. “ఊడ్పులయ్యాక చూద్దాంలే” అని వాము నమిలి, కాపడం పెట్టుకుని పదిహేను రోజులు నెట్టుకొచ్చాను. చివరికి మావారే కేకలేసి బస్సెక్కించారు.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగు తీశారు. కుడి అండాశయంలో నీటితిత్తి ఉందన్నారు. నాలుగున్నర సెంటీమీటర్లట, అంటే నిమ్మకాయంత. డాక్టరుగారు కాగితం చూసి, “గర్భసంచీ, రెండు అండాశయాలూ తీసేద్దాం. ఉంచితే రేపు కాన్సరైనా కావచ్చు. సోమవారం చేరిపోండి” అన్నారు. అయిదు నిమిషాల్లో అంతా తేలిపోయింది!

తిరుగు బస్సులో మా ఇద్దరికీ మాటల్లేవు. కాన్సరన్న మాట ఒక్కటే చెవిలో మోగుతోంది.

ఇంటికొచ్చి, ఇంకో డాక్టరుకు చూపిస్తే ఎలా ఉంటుందని నెమ్మదిగా అన్నాను. అత్తయ్యకు అది నచ్చలేదు. “నీ రెండు కాన్పులూ ఆవిడే కదే చేసింది! ఇంకొకరి దగ్గరికెళ్ళావని తెలిస్తే ఏమనుకుంటుంది? రేపు మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వెళతావు?” అంది. మావారికేమో డబ్బు బెంగ. మళ్ళీ ఫీజు, మళ్ళీ స్కానింగు, విశాఖ దాకా రానూపోనూ చార్జీలు. నాకూ లోపల అదే గుంజాటన. అడిగితే అవమానించినట్టవుతుందేమో, అడక్కపోతే పొరపాటవుతుందేమో!

ముడి విప్పింది మా తోటికోడలు. “అక్కా, మొన్న నీ గాజులు చేయించడానికి నాలుగు కొట్లు తిరిగాం. ఒంట్లో భాగం తీసేస్తామంటే రెండో మాట అడగవా? గాజులైతే మార్చుకోవచ్చు, తీసేసింది మళ్ళీ పెట్టరు కదా!” అంది. ఆ మాటకి అత్తయ్య కూడా ఇంకేం అనలేదు.

ఆ శనివారమే విశాఖ వెళ్ళి ఒక పెద్దాసుపత్రిలో చూపించుకున్నాం. అక్కడి డాక్టరమ్మ ముందు కాగితం కాదు, నన్ను చూసింది. నెలసరి ఇంకా వస్తోందా, బరువు తగ్గావా, ఆకలి ఉందా, మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము కాన్సరుగాని అండాశయ కాన్సరుగాని వచ్చిందా అని ఒక్కొక్కటే అడిగింది. ఆ తర్వాత స్కాను కాగితం నా ముందు పెట్టి చెప్పింది.

నెలసరి వచ్చే ఆడవాళ్ళలో ప్రతి నెలా అండం పెరిగే చోట చిన్న నీటిబుడగ ఏర్పడుతుంది. ఒక్కోసారి అది పగలకుండా పెద్దదవుతుంది. పల్చటి గోడ, లోపల ఉత్త నీళ్ళు, అరలు లేవు, గట్టి కండ లేదు అంటే అది మామూలు తిత్తి. అలాంటివి చాలావరకు రెండు మూడు నెలసరుల్లో వాటంతటవే కరిగిపోతాయి. అయిదు సెంటీమీటర్ల లోపు ఉంటే సాధారణంగా కత్తి అవసరం రాదు. ఒకవేళ తీయాల్సొచ్చినా, చాలాసార్లు తిత్తిని మాత్రమే తీసి అండాశయాన్ని ఉంచవచ్చు. నెలసరి ఆగకముందే రెండు అండాశయాలూ తీసేస్తే ఒళ్ళంతా ఆవిర్లు వస్తాయి, ఎముకలు తొందరగా బలం తగ్గుతాయి, గుండెకూ మంచిది కాదు.

“మూడు నెలలాగి, నెలసరి అయిన వెంటనే మళ్ళీ స్కాను తీయించుకో” అని పంపేసింది. తీయించుకున్నాను. తిత్తి లేదు!

ఇది చదివి “అయితే ఆపరేషనన్న డాక్టర్లందరూ తప్పే” అనుకోకండి. మా పెద్దమ్మ కూతురు, మా అప్ప, యాభై ఎనిమిదేళ్ళ మనిషి. నెలసరి ఆగి ఎనిమిదేళ్ళయింది. కడుపుబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, మాటిమాటికీ ఒంటేలు. ఒకచోట చూపిస్తే “గ్యాసమ్మా” అని మాత్రలిచ్చారు. నా సంగతి తెలిశాక తనూ మరో డాక్టరు దగ్గరికెళ్ళింది. స్కానులో తిత్తి లోపల గట్టి భాగాలు కనిపించాయి. సీఏ-125 అనే రక్తపరీక్ష చేసి, ఆలస్యం చేయొద్దని వెంటనే కాన్సరు ఆసుపత్రికి పంపారు. ఆపరేషను చేసి తీసేశారు. ఇప్పుడు మనవరాలికి జడలేస్తోంది. రెండో మాట నన్ను కత్తి నుంచి తప్పించింది, అప్పను కత్తి దగ్గరికి చేర్చింది. రెండూ మేలే!

ఈ సమస్య మా ఊరిది మాత్రమే కాదు. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురైతే, మన ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది! అవసరం లేకుండా జరిగే ఈ ఆపరేషన్ల మీద హైదరాబాదు డాక్టర్లు కామేశ్వరి, ప్రకాశ్ దంపతులు ఏళ్ళ తరబడి పనిచేశారు. డాక్టర్ నరేంద్ర గుప్తా అనే ఆయన 2013లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కేంద్రం 2022లో తయారుచేసిన నియమాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలుచేయాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది.

మరి ఎప్పుడు రెండో మాట అడగాలి? స్కానులో తిత్తి కనబడగానే గర్భసంచితో సహా తీసేస్తామంటే అడగాలి. తిత్తి ఎలాంటిదో చెప్పకుండా కాన్సరని భయపెడితే అడగాలి. నెలసరి ఆగినవాళ్ళకి తిత్తి ఉందంటే, “ఏం ఫర్వాలేదు” అన్నా సరే అడగాలి. సీఏ-125 ఎక్కువ వచ్చినంతమాత్రాన కాన్సరని కాదు. నెలసరి రోజుల్లోనూ, గర్భసంచిలో కంతులున్నా కూడా అది పెరుగుతుందట.

ఎప్పుడు అడక్కూడదు? ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే తిత్తి మెలిపడి ఉండవచ్చు, పగిలి ఉండవచ్చు. అప్పుడు గంటలు కూడా ముఖ్యమే. దగ్గరున్న ఆసుపత్రికి పరుగెత్తండి, లేదా 108కి ఫోన్ చేయండి.

వెళ్ళేటప్పుడు స్కాను కాగితంతో పాటు ఫిల్ము, రక్తపరీక్షలు, వాడిన మందుల చీటీలు ఒక సంచిలో పెట్టుకోండి. ఆఖరి నెలసరి తేదీ రాసుకోండి. పాతవి చూపిస్తే కొన్నిసార్లు కొత్త పరీక్షల ఖర్చు తప్పుతుంది. డాక్టరుగారిని ఈ నాలుగూ అడగండి: ఇది ఏ రకం తిత్తి? కొన్నాళ్ళు ఆగితే ఏమవుతుంది? తీయాల్సొస్తే ఏమేం తీస్తారు, ఏం ఉంచుతారు? తీశాక ఏ ఇబ్బందులొస్తాయి?

డబ్బు లేదని ఆగొద్దు. మాకు దగ్గర్లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి ఉంది. విశాఖలో కేజీహెచ్, ఘోషాసుపత్రి ఉన్నాయి. కాన్సరు అనుమానమైతే దారిలోనే అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీభాభా ఆసుపత్రి ఉంది.

మొదటి డాక్టరుగారి సంగతి అడుగుతారేమో! పోయిన సంక్రాంతికి అత్తయ్య జ్వరానికి ఆవిడ దగ్గరికే వెళ్ళాం. రెండో స్కాను కాగితం చూపించాను. చూసి, “మంచిదేనమ్మా” అంది. అంతే! ఆ ఒక్క ముక్కకి భయపడి నేను ఎంత పోగొట్టుకునేదాన్నో అనిపించింది.

కూరలో ఉప్పు చాలిందో లేదో ఇంకొకరిని రుచి చూడమంటాం. అది వంటను అనుమానించడం కాదు కదా! మన ఒంటి విషయంలో ఆ మాత్రం అడిగే హక్కు మనకు లేదూ?