పైనుంచి ఇంజన్ ఆయిల్ తీయడం

గత పాఠంలో ఇంజన్ ఆయిల్ ఎందుకు పాడవుతుందో తెలుసుకున్నారు. ఆయిల్ మార్చడానికి సాధారణంగా కారు కిందికి దూరి డ్రెయిన్ బోల్టు విప్పుతారు. జాకీనే నమ్మి కారు కింద పడుకుంటే ప్రాణాలకే ముప్పు. కిందికి దూరకుండా ఆయిల్ తీసే సాధనమే ఆయిల్ ఎక్స్‌ట్రాక్టర్.

పనిచేసే సూత్రం

కొబ్బరి బొండంలో స్ట్రా వేసి నీళ్ళు పీల్చడం మీకు తెలిసిందే. ఇదీ అంతే. పంపు కొడితే డబ్బాలో గాలి పీడనం తగ్గుతుంది. బయటి గాలి పీడనం ఆయిల్‌ను గొట్టం ద్వారా డబ్బాలోకి నెడుతుంది.

చేసే విధానం

1. కారును చదునైన చోట నిలిపి, ఇంజన్‌ను కొద్ది నిమిషాలు నడిపి ఆపండి. వెచ్చని ఆయిల్ పలుచబడి సులువుగా వస్తుంది. మరీ వేడెక్కితే చేయి కాలుతుంది.

2. డిప్‌స్టిక్ తీసి, ఆ దారిలో సన్నని గొట్టాన్ని అడుగు తగిలేదాకా దించి, పంపు కొట్టండి.

3. వచ్చిన ఆయిల్‌ను కొలవండి. కారు పుస్తకంలో 3.5 లీటర్లని ఉండి 2 లీటర్లే వస్తే, గొట్టం అడుగుకు చేరలేదన్నమాట. అప్పుడు మెకానిక్ చేత బోల్టు విప్పించండి.

4. ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోసి, డిప్‌స్టిక్‌తో మట్టం చూడండి.

గమనించండి

జంషెడ్‌పూర్ సువర్ణరేఖ, ఖర్కాయి నదుల ఒడ్డున ఉంది. కాలువలో పోసిన పాత ఆయిల్ చివరికి నదినే చేరుతుంది. 2016 నాటి కేంద్ర నియమాల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. మూతగల డబ్బాలో భద్రపరచి, పాత ఆయిల్ సేకరించే గ్యారేజీకి ఇవ్వండి.

పాఠ్యగత ప్రశ్న

తీసిన ఆయిల్‌ను ఎందుకు కొలవాలి?