బెల్టు మారితే బిల్లూ మారుతుంది

శంషాబాద్‌లో కరాటే నేర్పేచోటికి వెళ్లి "నెలకెంత మాస్టారూ?" అని అడిగితే ఆయన ఒక అంకె చెబుతారు. వెయ్యి, పన్నెండొందలు, గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో అయితే రెండు వేలు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేమీ ఉండదు. కానీ ఏడాది తిరిగేసరికి ఆ ఇంటి నుంచి కదిలిన డబ్బు, ఆ అంకెను పన్నెండుతో హెచ్చవేస్తే వచ్చేది మాత్రం కాదు.

ఒక సాదాసీదా లెక్క వేద్దాం. నెలకు 1,200 చొప్పున ఏడాదికి 14,400. తెల్ల డ్రెస్సుకు 1,200. మూడు నాలుగు నెలలకోసారి బెల్టు పరీక్ష ఉంటుంది కాబట్టి 800 చొప్పున మూడింటికి 2,400. రెండు టోర్నమెంట్ల ఎంట్రీ ఫీజు 700 చొప్పున 1,400. మొత్తం 19,400. నెలకు పంచి చూస్తే పదహారొందలు దాటింది. గ్లవ్స్, షిన్‌గార్డులు ఇందులో కలపలేదు. పోటీ యూసుఫ్‌గూడ ఇండోర్ స్టేడియంలో జరిగితే ఇంటిల్లిపాదీ ఆదివారం పొద్దున్నే బయలుదేరాలి. ఆ రానుపోను ఖర్చులు, మధ్యాహ్నం బిర్యానీ ఎవరి పద్దులోనూ ఉండవు. అంకెలు ఒకచోట తగ్గుతాయి, ఒకచోట పెరుగుతాయి. ఖర్చు తీరు మాత్రం ఎక్కడైనా దాదాపు ఇదే.

2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యేదాకా శంషాబాద్ అంటే బెంగళూరు రహదారి మీద ఒక మండల కేంద్రం. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు, కార్గో గోదాములు, హోటళ్లు వచ్చాయి. వాటితోపాటు షిఫ్టుల్లో పనిచేసే కుటుంబాలూ వచ్చాయి. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో సాయంత్రం ఆరింటి కరాటే క్లాసు అంటే ఒంటికి వ్యాయామం, కాస్త క్రమశిక్షణ, పైగా ఓ గంటసేపు పిల్లాడు ఎక్కడున్నాడో తెలిసిన నిశ్చింత. ఈ మూడో లాభాన్ని తల్లిదండ్రులు పైకి చెప్పరు. ఫీజు కట్టేటప్పుడు మాత్రం మనసులో ఉండేది అదే.

మాస్టారి వైపు నుంచీ చూడాలి. ఆయన దగ్గర వందమంది పిల్లలున్నా, 1,200 చొప్పున ఏడాదికి వచ్చేది 14 లక్షల 40 వేలు. సేవలకు జీఎస్టీ నమోదు పరిమితి 20 లక్షలు కనుక ఆ పన్ను బెడద లేదు. అయితే వందమంది పిల్లలున్న కాలనీ మాస్టార్లు ఎందరు? హాలు అద్దె, సహాయకుడి జీతం, తన పై గురువుగారి సంఘానికి కట్టాల్సిన చందా అన్నీ ఆ ఫీజులోంచే పోవాలి. బడిలో నేర్పితే చాలాచోట్ల యాజమాన్యానికి వాటా ఇవ్వాలి. అందుకే నెల ఫీజు పెంచడానికి వెనకాడే మాస్టారు కూడా బెల్టు పరీక్షను వదులుకోరు. అసలు మిగులు అక్కడుంది.

విచిత్రమేమంటే, బెల్టుల పద్ధతికి మూలపురుషుడైన మనిషి మొదట్లో శిష్యుల దగ్గర డబ్బే పుచ్చుకోలేదు. జపాన్‌లో జిగోరో కానో 1882లో టోక్యోలోని ఎయిషోజి ఆలయంలో పన్నెండు చాపల గదిలో జూడో శాల పెట్టాడు. పేరు కొడోకాన్. ఆయన గకుషూయిన్ పాఠశాలలో పాఠాలు చెప్పి, రాత్రిళ్లు అనువాదాలు చేసి, ఆ సంపాదనతో శాలను నడిపాడు. కొందరు శిష్యులకు తిండి కూడా ఆయన ఇంట్లోనే. 1883లో ఇద్దరు శిష్యులకు 'డాన్' అనే మెట్టు ఇచ్చాడు. నల్ల బెల్టు ఆ తర్వాత వచ్చింది. మధ్యలో పసుపు, నారింజ, ఆకుపచ్చ అంటూ రంగులు బాగా వాడుకలోకి వచ్చింది 1930ల నుంచి పారిస్‌లో. అక్కడ జూడో నేర్పిన మికినోసుకే కవాయిషి ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. నల్ల బెల్టు కోసం ఏళ్ల తరబడి ఆగే ఓపిక విద్యార్థికి ఉండదు, రంగు మారుతుంటే హుషారుగా ఉంటాడన్నది ఆలోచన. రంగు మారాలంటే పరీక్ష పెట్టాలి. పరీక్ష అంటే రుసుము. ఈరోజు సియోల్‌లోని కుక్కివాన్ నుంచి శంషాబాద్ క్లబ్‌హౌస్ దాకా నడిచేది ఆ సూత్రమే. తైక్వాండోకు కేంద్రమైన కుక్కివాన్‌లో డాన్ పెరిగేకొద్దీ సర్టిఫికెట్ రుసుమూ పెరుగుతుంది.

ఆ కాలం వాళ్లందరూ కానోలాంటివాళ్లే అనుకోనక్కర్లేదు. దైతో-ర్యూ జుజుత్సు గురువు సోకాకు తకేదా రెండు పుస్తకాలు రాసిపెట్టేవాడు. ఒకదాంట్లో ఎవరు నేర్చుకున్నారో, రెండోదాంట్లో ఎవరెంత కట్టారో. ఆ చిట్టాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక మన దగ్గరికొస్తే, శంషాబాద్ విమానాశ్రయం నుంచి మామిడిపల్లి, పహాడీషరీఫ్ మీదుగా నగరంలోకి వస్తే చాంద్రాయణగుట్టకు ముందే బార్కస్ తగులుతుంది. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల వారసుల పేట అది. జామపళ్లకు, మండీకి ఎంత పేరో కుస్తీ పహిల్వాన్లకూ అంత పేరు. ఇక్కడా, పాతబస్తీలోనూ వెనకటి తాలీంలలో, అంటే కుస్తీ శాలల్లో, నెల ఫీజు అనే మాటే లేదు. కొత్త కుర్రాడు ఉస్తాదుకు మిఠాయి, తలపాగా ఇచ్చి చేతికి గండా దారం కట్టించుకుంటే శిష్యుడైనట్టే. తెల్లవారుజామున మట్టి గోదాలో దిగి దండీలు, బైఠకీలు తీయడం, తర్వాత జోడీ పట్టడం. మట్టిని తవ్వి మెత్తగా చేయడం, నూనె, పసుపు కలపడం శిష్యుల పనే. అంటే ఫీజు ఒంటి కష్టం రూపంలో చెల్లించేవారు.

మరి కుస్తీ ఉచితమేనా? ఆ మాట పహిల్వాన్ తల్లిని అడగాలి. ఖర్చంతా ఖురాక్ దగ్గరే. రోజుకు రెండు లీటర్ల పాలు, వంద గ్రాముల బాదం, నెయ్యి, గుడ్లు, మాంసం. ఇప్పటి ధరల్లో పాలకే నెలకు నాలుగు వేలు అవుతుంది. బాదం కిలో ఎనిమిది వందలనుకుంటే దానికి మరో 2,400. నెయ్యి, మాంసం వేయకుండానే ఆరు వేలు దాటింది. ఫీజు లేని విద్యకు ఫీజున్న కరాటే కంటే నాలుగింతల ఖర్చు. పూర్వం ఈ భారాన్ని నవాబులు, జాగీర్దార్లు మోసేవారు. సంస్థానాలు పోయాక పోషణ అన్నదమ్ముల మీద, ఇంటి వ్యాపారం మీద పడింది. కుస్తీ చాలావరకు కొన్ని కుటుంబాలకే పరిమితం కావడానికి వంశ గౌరవం ఒక కారణమైతే ఈ కిరాణా చిట్టా మరొకటి.

ఉత్తరాంధ్రలోనూ కథ ఇలాంటిదే. వీరఘట్టంలో పుట్టి 'కలియుగ భీముడి'గా పేరొందిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగి, సాము చేసి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు. తర్వాత సర్కస్ పెట్టాడు. బంధువుల అండ లేకపోతే కలియుగ భీముడి భోజనం గడవడం ఎలా?

గురువుకు ఎప్పుడు, ఎవరు చెల్లిస్తారన్నది దేశానికో రకం. థాయిలాండ్‌లో ముయే థాయ్ శిబిరాల్లో చేరే పల్లెటూరి పిల్లల్లో చాలామందికి బస, తిండి, శిక్షణ ఉచితం. బదులుగా వాళ్లు రింగులో గెలిచే సొమ్ములో శిబిరం వాటా తీసుకుంటుంది, తరచుగా సగం. అదే శిబిరంలో పక్కనే సాధన చేసే విదేశీయుడు వారానికింత అని ముందే కడతాడు. కేరళలో వడకర దగ్గర కడతనాడన్ కళరి సంఘం 1949 నుంచి ఫీజు లేకుండానే నడుస్తోంది. అక్కడ కళరిపయట్టు నేర్పే మీనాక్షి అమ్మకు 2017లో పద్మశ్రీ వచ్చింది. శిష్యులు ఇవ్వగలిగింది గురుదక్షిణగా ఇస్తారు. జపాన్ 2012 నుంచి జూనియర్ హైస్కూళ్లలో బుడో యుద్ధవిద్యలను తప్పనిసరి చేసి ఖర్చును బడి లెక్కలోకే తెచ్చింది.

డబ్బు విషయంలో మొహమాటం లేనివాడిగా బ్రూస్ లీని చెప్పాలి. 1960ల మొదట్లో సియాటిల్‌లో ఆయన పాఠశాలలో నెలకు 22 డాలర్లు, పిల్లలకు 17. ఆ దశాబ్దం చివరికి లాస్ ఏంజెలెస్‌లో అచ్చు వేయించిన కార్డు మీద గంటకు 275 డాలర్లు, పది పాఠాలకు 1,000, విదేశానికి పిలిపించుకుంటే వారానికి 1,000, ఖర్చులు అదనం. స్టీవ్ మెక్వీన్, జేమ్స్ కోబర్న్ ఆయన శిష్యులు. దర్శకుడు రోమన్ పొలాన్‌స్కీ ఆయన్ను స్విట్జర్లాండ్‌కే రప్పించుకున్నాడు. నేర్పింది ఒకే మనిషి. మారింది నేర్చుకునేవాడి జేబు. 1973లో 'ఎంటర్ ద డ్రాగన్' వచ్చాక ప్రపంచమంతా కరాటే, కుంగ్‌ఫూ మోజు పుట్టింది. తెలుగు సినిమాలో సుమన్, భానుచందర్ ఆ మోజును పట్టణాల దాకా తెచ్చారు.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ లెక్క మరోలా తెలుసు. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో న్యూజెర్సీ ఎడిసన్‌లోనో మామూలు తైక్వాండో క్లాసుకు నెలకు నూట యాభై డాలర్ల చుట్టూ అవుతుంది. అదే ఆఫ్టర్‌స్కూల్ కార్యక్రమమైతే నాలుగైదు వందలు. వ్యాను బడి దగ్గరికే వచ్చి పిల్లల్ని ఎక్కించుకుంటుంది. హోంవర్కు చేయించి, గంటసేపు తన్నులు నేర్పి, ఆరింటికి అప్పగిస్తుంది. ఆ సొమ్ములో ఎక్కువ భాగం పిల్లల్ని చూసుకునే ఆయా పనికే. దాని మీద ఏడాది ఒప్పందం, 'బ్లాక్‌బెల్ట్ క్లబ్' సభ్యత్వం ఉంటాయి. హైదరాబాద్‌లో చవగ్గా డ్రెస్సు కుట్టించి సూట్‌కేసులో పట్టుకెళ్దామన్నా చాలాచోట్ల కుదరదు, వాళ్ల ముద్ర ఉన్నదే వేసుకోవాలి.

శంషాబాద్ పేరు చెప్పి ఆత్మరక్షణ మాట ఎత్తకుండా ఉండలేం. 2019 నవంబరు 27 రాత్రి తొండుపల్లి టోల్‌గేట్ దగ్గర యువ పశువైద్యురాలిని అపహరించి చంపారు. పోలీసులు పెట్టిన 'దిశ' పేరుతో దేశమంతా మాట్లాడుకుంది. ఆ తర్వాత ఆడపిల్లలకు సెల్ఫ్ డిఫెన్స్ నేర్పించాలన్న మాట ఇళ్లలో, కాలేజీల్లో గట్టిగా వినబడింది. నేర్పించడం మంచిదే. కానీ ఒక్కరోజు వర్క్‌షాపుకు కట్టిన ఐదు వందలు భద్రతకు కట్టిన ధర అని నమ్మించడం మోసం. టోల్‌గేట్ దగ్గర దీపాలు, రాత్రి గస్తీ, ఫిర్యాదు రాగానే కదిలే స్టేషన్ ప్రజలు ఇంతకుముందే పన్నుల రూపంలో కొనుక్కున్నవి. ఆ పనికి బిల్లు అమ్మాయి ఇంటికి పంపడమేమిటి?

సర్కారు బడుల్లో చదివే బాలికల కోసం సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ అనే పథకం ఉంది. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు వర్తిస్తుంది. బడికి నెలకు 5,000 రూపాయల చొప్పున మూడు నెలలు ఇస్తారు. అంతకుముందు 3,000 ఉండేది. వందమంది బాలికలుంటే మొత్తం 15,000ను పంచుకుంటే తలా నూట యాభై. ఇంత చవకైన కరాటే అరుదు. చవక కాబట్టే మూడు నెలలకు ఆగిపోతుంది. ఆ వ్యవధిలో పిడికిలి సరిగ్గా బిగించడం, గట్టిగా అరవడం, పట్టు విడిపించుకోవడం వస్తాయి. దెబ్బ చూడగానే ఒళ్లు దానంతటదే కదలాలంటే ఏళ్లు పడుతుంది. తర్వాతి నెలల డబ్బు ఎవరిస్తారో పథకంలో లేదు.

జీతమిచ్చి మరీ నేర్పే చోటూ ఒకటుంది. శంషాబాద్ విమానాశ్రయానికి కాపలా కాసే సీఐఎస్ఎఫ్ జవాన్లకు శిక్షణలో భాగంగా నిరాయుధ పోరాటం నేర్పుతారు. ఆ దళపు జాతీయ అకాడమీ నగరానికి అవతలి కొసన హకీంపేటలో ఉంది.

ప్రభుత్వం పెద్ద మొత్తంలో ఇచ్చేది గెలిచాకే. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేతగా నిలిచి శంషాబాద్‌లో దిగినప్పుడు మంత్రి ఎదురొచ్చి స్వాగతం పలికారు. జూన్‌లో రాష్ట్రం 2 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. ఆమెకు తొలి పాఠాలు చెప్పింది తండ్రే. ఆయన సౌదీలో ఉద్యోగం వదులుకుని కూతుళ్ల చదువు, ఆటల కోసం ఊరికి తిరిగొచ్చిన మనిషి. ఏ రసీదూ లేని ఖర్చు అది.

ఒకసారి రుచి చూసి నిర్ణయించుకుందామనుకునే తల్లిదండ్రులకు వేసవే మేలైన కాలం. జీహెచ్ఎంసీ ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఆరు నుంచి పదహారేళ్ల పిల్లలకు శిక్షణ శిబిరాలు పెడుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో చాలా ఆటలకు రుసుము పది రూపాయలు, స్కేటింగ్, టెన్నిస్ వంటి వాటికి యాభై. నెలన్నర చాలు, పిల్లాడు పొద్దున ఆరింటికి లేస్తాడో లేదో, దెబ్బ తగిలితే మర్నాడు మళ్లీ వెళ్తాడో లేదో తెలిసిపోతుంది. జూన్‌లో బడులు తెరిచాక కాలనీ మాస్టారి దగ్గర చేర్పించేటప్పుడు నెల ఫీజుతోపాటు పరీక్ష ఎన్నాళ్లకోసారి, దానికెంత, సర్టిఫికెట్ ఏ సంఘానిది, ఏడాదిలో నల్ల బెల్టు ఇస్తానంటున్నారా అన్నవి కూడా అడగొచ్చు. చివరి ప్రశ్నకు అవునని జవాబొస్తే మరో మాస్టారిని వెతుక్కోవడం మంచిది.